రెక్కల గుర్రానికి గడ్డి లడ్లు

స్వర్ణమేఖల నగరాన్ని నిద్ర లేపేది సూర్యుడు కాదు, కాకి. పగడపు గుమ్మాలు, ముత్యాల తోరణాలు, పన్నీరు చల్లిన రాజవీధులు, వీణల మోత ఆగని మేడలు, ఆ మేడల కొసన బంగారు కలశాలు, ఇన్ని ఉన్న ఊళ్లో తెల్లవారుతూనే ఉత్తరం దిక్కు నుంచి దూడంత కాకి ఒకటి వచ్చి కోట బురుజు మీద వాలుతుంది. గొంతు సవరించుకుంటుంది. "శూలశిఖరం నుంచి వార్త. రాకుమారి కువలయ ఈ వేళ కూడా ఒప్పుకోలేదు. చీలమండలు దాటింది" అని అరిచి, పక్క రాజ్యానికి ఎగిరిపోతుంది. మొదట్లో జనం గుండెలు బాదుకున్నారు. తరువాత అలవాటు పడ్డారు. ఇప్పుడు కాకి అరవగానే ఆడవాళ్లు పొయ్యి రాజేస్తారు, పాలవాడు బయల్దేరతాడు.

ఆ అరుపు విని చేతిలో గరిట వదిలేసేవాడు ఊరంతటికీ ఒక్కడే. అతను అశ్వశాల వంటిల్లులో ఉలవలు ఉడికిస్తున్న దాణా అధికారి తిప్పన్న. తిప్పన్న అసలు పేరు జయకేతు. తురగగిరి రాజ్యానికి యువరాజు, కువలయకు అన్న.

శూలశిఖరం మీద ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఉన్నాడు. సుడిగాలిలో వచ్చి కువలయను ఎత్తుకుపోయాడు. అక్కడ అతని మాట కాదన్నవాళ్లు కొంచెం కొంచెంగా రాయి అయిపోతారు. ధూమ్రకేశుడు మర్యాద తెలిసినవాడు కాబట్టి పొద్దున్నే ఒక్కసారి మాత్రం, నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడుగుతాడు. ఆమె చేసుకోనంటుంది. రాయి కాస్త పైకి పాకుతుంది. ఆమెను కోట గడప దాటిస్తే పాకడం ఆగుతుంది. దాటించాలంటే ముందు అక్కడికి వెళ్లాలి. చుట్టూ అడుగు కనిపించని అగాధం, వంతెన లేదు, మెట్లు లేవు, రెక్కలున్నది తప్ప ఏదీ వెళ్లలేదు. మనిషిని మోయగల రెక్కల గుర్రం భూమి మీద ఒక్కటే ఉంది. అది స్వర్ణమేఖల అశ్వశాలలో ఉంది. దాన్ని దొంగిలించడానికే జయకేతు తన మిత్రుడు బొల్లెన్నతో మారువేషంలో వచ్చాడు.

వచ్చి గుర్రాన్ని చూశాడు.

ఆ గుర్రం పేరు తూనీగ. వెన్నెల పోతపోసినట్టు ఒళ్లు, వెండి జూలు, నీలాల కళ్లు, హంసలకు సిగ్గు తెప్పించే రెక్కలు, నుదుట పుట్టుకతోనే ఉన్న చంద్రవంక, గిట్టలకు పసిడి నాడాలు. వీటన్నిటి నడుమ ధాన్యపు గాదె అంత పొట్ట. అశ్వశాల తలుపులోంచి బయటికి రావాలంటే ముందు ఒక పక్క, తరువాత రెండో పక్క రావాలి. రెక్కలు పొట్ట మీద ఆని ఉండేవి, పాపం, కిందికి దిగేవి కావు. ఎగిరి ఎన్నాళ్లయిందని అడిగితే, లోకంలో ధర్మం తగ్గిన దగ్గర్నుంచీ ఎగరడం మానేసిందని కాపలావాడు చెప్పాడు.

ధర్మం సంగతి ఏమోగానీ, అక్కడి ఆచారం చూడగానే జయకేతుకు విషయం తెలిసిపోయింది. తూనీగ దేవలోకపు గుర్రం. పిల్లగా ఉండగా ఆకాశం నుంచి దిగి వస్తే, రాజమాత హేమాంబ చేతుల్లోకి తీసుకుని పెంచింది. దేవలోకపు గుర్రానికి గడ్డి పెట్టడమంటే ఇంటికొచ్చిన చుట్టానికి కుడితి పెట్టడమేనని ఆమె ఆజ్ఞ. గడ్డి పశువులు తినేది. తూనీగ తినేది బాదంపప్పు, జీడిపప్పు, నేతి అరిసెలు, పాలకోవా, బెల్లప్పాకం. ఊళ్లో ఏ ఇంట్లో శుభకార్యమైనా మొదటి పళ్లెం తూనీగకు వస్తుంది. కాదని తిప్పిపంపితే ఇచ్చినవాళ్లను అవమానించినట్టు. ఇంకొక ఆచారం ఉంది. వండిన దాణాలో తొలి ముద్ద రాజమాత ఎదుట దాణా అధికారి తినాలి. గుర్రం తినగా మిగిలినది సభవారికి ప్రసాదం. పాత దాణా అధికారి అలా తిని తిని ఇప్పుడు మంచం దిగలేడు. అందుకే ఆ పదవి జయకేతుకు అడగ్గానే దొరికింది.

తురగగిరిలో పద్ధతి వేరు. రాజుగారి కొడుకైనా సరే, ఏడాదిపాటు దాణా వండి, లాయం ఊడ్చి, రోజూ లద్దె చూసి గుర్రం క్షేమం చెప్పగలిగితేనే జీను మీద చెయ్యి వేయనిస్తారు. గుర్రం కడుపు ఒళ్లు చూసి అనుకునేంత పెద్దది కాదని, కొంచెం కొంచెంగా రోజంతా నమలడానికే దాని పళ్లు ఉన్నాయని, ముందు గడ్డి, ఆ తరువాతే గింజ అని జయకేతుకు తండ్రి చెవి మెలిపెట్టి నేర్పాడు. ఇంకొకటి కూడా నేర్పాడు. గుర్రానికి కక్కడం చేతకాదు. తప్పు తిండి పెడితే అది బయటికి చెప్పుకోలేదు, లోపలే కుమిలిపోతుంది.

కాబట్టి గడ్డి పెట్టాలి. పెట్టినట్టు ఎవరికీ తెలియకూడదు. అప్పుడు జయకేతు జంతికల గొట్టం చేయించాడు.

మామూలు జంతికల గొట్టం కాదు. మద్దిమానుతో, నిలువెత్తున, పైన ఇద్దరు పట్టి తిప్పే మరతో చేయించాడు. దేవతల కోసం కొత్త మిఠాయి అని వడ్రంగికి చెబితే ఆయన కూలి కూడా పుచ్చుకోలేదు. ఊరవతలి వాగుగట్టున గరిక కోసి, మూటల్లో కట్టి, పరుపుల దూది అని చెప్పి బొల్లెన్న లోపలికి తెచ్చేవాడు. దాన్ని డాబా మీద గలగలమనేలా ఎండబెట్టి, కత్తిపీటతో తరిగి, రోట్లో దంచేవారు. తడి ఉంటే బూజు పడుతుంది, బూజు పడిన దాణా విషంతో సమానం. నానబెట్టి ఉడికించిన ఉలవలు, తవుడు, ఉడికించిన అవిసె గింజలు, కాస్త రాతిఉప్పు అందులో వేసి, ముద్ద నిలబడేంత బెల్లప్పాకం మాత్రం కలిపి గొట్టంలో కూరేవారు. ఇద్దరూ మర తిప్పితే కింద నుంచి పచ్చటి కడ్డీలు దిగేవి. వాటిని చిటికెనవేలంత ముక్కలుగా కోసి, మళ్లీ ఎండబెట్టి, లడ్లుగా చుట్టి, పైన వెండి రేకు అద్దేవారు.

అదైనా ఒక్కరోజులో మార్చలేదు. గుర్రం కడుపుకు కొత్త కబురు మెల్లగా చెప్పాలి. మొదట అరిసెల మధ్య ఒక లడ్డు, తరువాత లడ్ల మధ్య ఒక అరిసె. రోజూ లద్దె విరిచి చూసి, వాసన పట్టి, మరునాటి పాళ్లు సరిచేసేవాడు. రాత్రి గ్రహాలు చూసే ఆస్థాన జ్యోతిష్కుడికి తనకు తెలియని కొత్త శాస్త్రం ఎవరో తెచ్చారని కొంత అసూయ కలిగింది. మిగిలిపోయిన బాదంపప్పు, కోవా, అరిసెలు ఎక్కడో ఒకచోట మాయం కావాలి కదా. ఆ బాధ్యత బొల్లెన్న తీసుకున్నాడు. స్నేహం కోసం ఏ కష్టమైనా పడతానని అతను చిన్నప్పుడే మాట ఇచ్చి ఉన్నాడు.

తొలి ముద్ద నాడు జయకేతు రాజమాత ఎదుట గడ్డి లడ్డు నోట్లో వేసుకుని నమిలాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. సభంతా చూస్తోంది. మింగి, అమృతం అన్నాడు. సభవారికి పంచారు. సేనాపతి కళ్లు మూసుకుని బాగుందన్నాడు. ఇంత గట్టి మిఠాయి తమ వంశంలో ఎవరూ తినలేదని మంత్రి గర్వపడ్డాడు. పదిరోజులు పోయాక ఆస్థాన వైద్యుడు, చాలా ఏళ్లుగా తాను ఎరగని సుఖం ఈ మధ్య పొద్దున్నే కలుగుతోందని ఆనందబాష్పాలతో చెప్పి, ఇంకో రెండు లడ్లు అడిగి పుచ్చుకున్నాడు.

తూనీగ పొట్ట లోపలికి వెళ్లడం మొదలుపెట్టింది. పక్కటెముకల జాడ తెలిసింది. తలుపులోంచి తిన్నగా రాగలిగింది. రోజూ వాహ్యాళి పేరుతో జయకేతు దాన్ని నడిపించి, తరువాత పరుగెత్తించాడు. రెక్కలు ఒకసారి విదిలిస్తే లాయంలో ఊకంతా లేచింది.

కానీ కాకి ఆగలేదు. మోకాళ్లు అంది. తొడలు అంది. ఒకరోజు, "ఈ వేళ కూడా ఒప్పుకోలేదు. నడుము" అంది. అది విన్న పూట జయకేతు బుద్ధి పనిచేయలేదు. బలం తొందరగా వస్తుందన్న ఆశతో ఉలవలు రెట్టింపు పోశాడు. తురగగిరిలో చిన్న పిల్లవాడు కూడా చేయని పని అది. పొద్దెక్కేసరికి తూనీగ పొట్ట డోలులా బిగిసింది. కాలితో కడుపు తన్నుకుంది, చెమటలు కారాయి, పడుకుని దొర్లబోయింది. దొర్లితే పేగు మెలిపడి చచ్చిపోతుంది. జయకేతు కళ్లెం పట్టి నడిపించాడు. రాజమాత హేమాంబ కబురు విని, చెప్పులు కూడా లేకుండా వచ్చి రెండో పక్కన కళ్లెం పట్టుకుంది. డెబ్బై దాటిన మనిషి, పల్లకీ తప్ప ఎరగని మనిషి, ఎండలో రోజంతా గుర్రంతో నడిచింది. ఎందుకు ఇలా అయిందని ఒక్కమాట అడగలేదు. పొద్దు వాలుతుండగా తూనీగ తోక ఎత్తి లద్దె వేసింది. రాజమాత అక్కడే కూలబడి ఏడ్చింది. జయకేతుకు తన చెల్లెలి కోసం ఏడుపు, ఈ ముసలమ్మను మోసం చేస్తున్నందుకు సిగ్గు, రెండూ ఒక్కసారే వచ్చాయి.

ఆ సిగ్గు ఎక్కువరోజులు మోయాల్సిన పని లేకుండా పోయింది. గుర్రం బతికిన సంతోషంలో రాజమాత మరునాడు ఉపవాసం విడుస్తూ, ఎప్పుడూ లేనిది తానే ప్రసాదం అడిగింది. ఇచ్చిన లడ్డు కొరికింది. పంటి సందున ఏదో ఇరుక్కుంది. వేళ్లతో పట్టి లాగితే, కత్తిపీటకూ రోకలికీ చిక్కని పచ్చటి పోచ ఒకటి పొడుగ్గా వచ్చింది. దాన్ని వెలుగుకు ఎత్తి చూసింది.

"ఇది గరిక" అంది.

ఇన్నాళ్లూ తాము తిన్నది ఏమిటో అందరికీ ఒక్కసారే అర్థమైంది. వైద్యుడు మాత్రం నోట్లో ఉన్నది ఉమ్మకుండా మింగేశాడు. మరి నా బిడ్డకు ఊరంతా పెట్టిన బాదంపప్పు, కోవా ఏమయ్యాయని రాజమాత అడిగింది. అందరూ బొల్లెన్న వైపు చూశారు. బొల్లెన్న నడికట్టు అప్పుడే తెగింది.

దేవాశ్వానికి గడ్డి తినిపించిన నేరానికి ఇద్దరినీ ఏనుగు కాలి కింద పెట్టమని తీర్పు. తీర్పు వెంటనే అమలు కావాలి. ముందుగా, నేరస్తుడు ఎవరికి అపచారం చేశాడో వారి ఎదుట చేతులు జోడించి క్షమాపణ చెప్పాలి. అందుకని తూనీగను కూడా వధ్యభూమికి నడిపించుకువచ్చారు.

స్వర్ణమేఖలలో నేరాలు తక్కువ. వధ్యభూమికి ఎవరూ పోక, ఎవరూ తొక్కక, అక్కడ గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. ఊళ్లో అంత పచ్చిక ఇంకెక్కడా లేదు. జయకేతు చేతులు జోడించి, తల్లీ తప్పయిందని మొదలుపెట్టాడు. తూనీగ వినలేదు. మెడ వంచి గడ్డి తింటోంది.

ఊరు ఊరంతా చూస్తూండగా తింటోంది. రాజమాత దాన్ని ఇవతలికి లాగమంది. నలుగురు భటులు కళ్లెం పట్టి లాగితే వాళ్లే ముందుకు పోయారు. చివరికి రాజమాతే దగ్గరికి వెళ్లి దాని మెడ మీద చెయ్యి వేసింది. అది తల ఎత్తి ఆమెను చూసి, నోట్లో పరక అలాగే ఉంచుకుని, మళ్లీ వంగింది. అవతల ఏనుగు కూడా తన పని మరిచి గడ్డి పీకుతోంది.

"దీనికి ఆకలి" అంది రాజమాత నెమ్మదిగా. "ఇన్నేళ్లూ నా చేతి తిండి తింటూనే ఇది ఆకలితో ఉంది."

తూనీగ కడుపునిండా మేసి, ఒళ్లు విరుచుకుని, రెక్కలు విప్పింది. వధ్యభూమి సగం నీడయింది. ముందు గిట్టలు నేల వదిలి, మళ్లీ ఆనాయి. జనం మోకాళ్ల మీద కూలబడ్డారు.

ఇక దాచి లాభం లేదు. "అమ్మా, నేను దాణావాణ్ని కాదు. పొద్దున్నే కాకి చెప్పే పిల్లకు అన్నను" అన్నాడు జయకేతు. ఆ పొద్దున కాకి, గుండెకు నాలుగు వేళ్ల కింద అని అరిచి పోయింది. ఊరంతా విని పొయ్యిలు రాజేసుకుంది.

రాజమాత అతని ముఖం చూసింది. "ముందే చెప్పలేదేం?"

"చెబితే గడ్డి పెట్టనిచ్చేవారా?"

"లేదు" అంది ఆమె. ఇద్దరి కాళ్ల కట్లు తానే విప్పింది. "పో. తూనీగను క్షేమంగా తీసుకురా. నువ్వు కూడా రా. కోయించి ఉంచుతాను, గడ్డి."

బొల్లెన్న కూడా వస్తానని లేచాడు. గుర్రం ఒళ్లు దిగిన బరువంతా ఎక్కడ చేరిందో ఇద్దరు మిత్రులకూ తెలుసు కాబట్టి, బొల్లెన్న మళ్లీ కూర్చున్నాడు. సేనాపతి తన కవచం, శిరస్త్రాణం, డాలు, కత్తి ఇచ్చాడు. జయకేతు జీను మీదికి దూకి కళ్లెం వదిలాడు. తూనీగ పచ్చికలో పరుగు తీసింది, ఏనుగు మీదుగా దూకింది, దూకి కిందికి రాలేదు.

బంగారు కలశాలు గింజలయ్యాయి, నది వెండి దారమైంది. మేఘాలు ముఖం మీద చల్లగా రాసుకుపోతూంటే కొండల వెనక కొండలు, వాటి వెనక నల్లటి శూలం మొనలా శిఖరం, దాని కొసన పొగ తలపాగా చుట్టుకున్న కోట. అగాధం మీదికి రాగానే నిప్పుగద్దలు లేచాయి. ముక్కుల నుంచి మంటలు, రెక్కల నుంచి రవ్వలు. జయకేతు కత్తి తీసి మొదటిదాన్ని నరికాడు, రెండోదాన్ని నరికాడు, మూడోది అతని డాలు కరిగించింది. తూనీగ రొప్పుతోంది. ఏళ్ల తరువాత ఎగురుతున్న గుర్రం అది. శిఖరం పైకి పోతున్నట్టు అనిపించింది. పోవడం లేదు, వాళ్లే కిందికి దిగుతున్నారు. డాలు వదిలాడు. కవచం విప్పి వదిలాడు. శిరస్త్రాణం, పాదరక్షలు వదిలాడు. ఇంకా దిగుతూంటే కత్తి కూడా అగాధంలోకి జారవిడిచాడు. నిప్పుగద్దలు మెరిసే కత్తి వెంట పడి కిందికి పోయాయి. తూనీగ ఒక్క ఊపున కోటగోడ దాటి నడుమ ముంగిట్లో వాలింది.

ముంగిలి నిండా రాతి మనుషులు. అంట్లగిన్నె పట్టుకున్నవాడు, చీపురు పట్టుకున్నది, మంగలి పొది చంకనున్నవాడు. ఎప్పుడో ఏదో ఒక మాటకు కుదరదన్నవాళ్లు. వాళ్ల మధ్య తులసి కోటలా నిలబడి, ముక్కు చీదుకుంటూ కువలయ కనిపించింది. గుండెల కింది దాకా నల్లరాయి. పైన మనిషి.

"ఆలస్యం చేశావు అన్నయ్యా" అంది.

"గుర్రం లావుగా ఉండింది" అన్నాడు జయకేతు. ఆమె తల నిమిరాడు. జుట్టు వెచ్చగా ఉంది. అది చాలు అనిపించింది.

నడుము కింద చేతులు వేసి ఎత్తబోయాడు. కదలలేదు. మళ్లీ ప్రయత్నించి ఆగిపోయాడు. ఇన్నాళ్లూ గుర్రం తినేది ఎంతో, మోసేది ఎంతో చూసుకుంటూ వచ్చాడు. తన బరువు చూసుకున్నాడు, చెల్లెలి బరువు చూసుకున్నాడు. చెల్లెలు ముప్పాతిక రాయి అయిపోయిందన్నది ప్రతి పొద్దునా విన్నాడు, ఏడ్చాడు, అది కూడా బరువేనని మాత్రం తట్టలేదు. తూనీగ డొక్కలు ఎగసిపడుతున్నాయి. చూడగానే తెలుస్తోంది. ఇది ఒక్కరిని మోస్తుంది.

ఆమెకు కూడా తెలిసింది. నువ్వు వెళ్లిపో, నేను రోజుకు ఒకసారి కాదనడానికి అలవాటు పడ్డాను అంది. జయకేతు వినిపించుకోలేదు. తూనీగను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, జీను బిగించే పట్టెడ విప్పి ఆమె నడుముకు చుట్టి, మంగలి రాతిబొమ్మకు కాలు తన్నిపెట్టి లాగాడు. అరచేతులు చీరుకుపోయాయి. రాయి గీరుకుంటూ జరిగి గుర్రం వీపు మీదికి ఒరిగింది. అడ్డంగా పడుకోబెట్టి బిగించి కట్టాడు. ఆమె తిట్టింది, ఏడ్చింది, జూలు పట్టుకోనంది. ఆమె ఎడమ చేతికి జూలు చుట్టి ముడివేశాడు. దారిలో కాలువ కనిపిస్తే వెంటనే నీళ్లు పెట్టవద్దని, చెమట ఆరాక పెట్టమని చెప్పి తూనీగ పిర్ర మీద చరిచాడు.

తూనీగ గోడ మీదికి పరుగెత్తి అంచు దాటి పడిపోయింది. అతను గోడ దగ్గరికి పరుగెత్తాడు. తరువాత అగాధంలోంచి తెల్లటి రెక్కలు మెల్లగా, చాలా కష్టంగా పైకి వచ్చాయి. ఎగిరినా కోట గడప దాటినట్టే. కువలయ రాయి అవడం ఆగిపోయింది. జయకేతు గోడకు ఆనుకుని నవ్వాడు.

అప్పుడే నలుగు స్నానం ముగించుకుని ధూమ్రకేశుడు తల తుడుచుకుంటూ ముంగిట్లోకి వచ్చాడు. తుడిచినకొద్దీ జుట్టులోంచి పొగ వస్తోంది. ఖాళీ అయిన చోటు చూశాడు, ఆకాశం చూశాడు, కత్తీ కవచం లేని, కాళ్లకు చెప్పులైనా లేని మనిషిని చూశాడు. కోపం తెచ్చుకోలేదు.

"నీ చేతి తిండి తిన్న గుర్రం. నీ గొంతు వింటే తిరిగి వస్తుంది. పిలువు" అన్నాడు.

"పిలవను" అన్నాడు జయకేతు.

ఎడమకాలి బొటనవేలు చల్లబడింది. కదపబోయాడు. కదల్లేదు. అతనికి భయం వేసింది, చాలా భయం వేసింది. ఆకాశంలో తూనీగ ఇంకా పెద్దదిగానే కనిపిస్తోంది. మోస్తున్న బరువుకు అది తొందరగా పోలేదు. కేకేస్తే వినిపిస్తుంది.

ధూమ్రకేశుడు తువ్వాలు భుజాన వేసుకుని మళ్లీ అడిగాడు.